కూతవేటులో కథలు

వస్తువు కోసం పెరుమాళ్ మురుగన్ ఏనాడూ ఊరు దాటలేదు. చివరికి ఆ ఊరే ఆయన కలానికి అడ్డు తగిలింది. ఆ తర్వాత రచయితకు మిగిలిందేమిటి?

కథలు ఎక్కడ దొరుకుతాయి? ఏ రచయితకైనా తప్పని ప్రశ్న ఇది. తమిళ నవలాకారుడు పెరుమాళ్ మురుగన్ విషయంలో మాత్రం జవాబును పటంలో వేలు పెట్టి చూపించొచ్చు. తమిళనాడు పశ్చిమాన, కొంగునాడుగా పిలిచే మెట్టప్రాంతంలో తిరుచెంగోడు అనే పట్నం ఉంది. కొండ మీద అర్ధనారీశ్వరుడి గుడి. ఆ పట్నానికి దగ్గర్లోని పల్లెలో 1966లో పుట్టిన మురుగన్ తన నవలల్లో చాలావాటిని కొండ చుట్టుపక్కలే ఏరుకున్నారు.

1991లో వచ్చిన తొలి నవల ‘ఏరువెయిల్’ ఇళ్ల కాలనీ కోసం పొలం పోగొట్టుకున్న రైతు కుటుంబం కథ. పుట్టింది రైతు ఇంట్లోనే కాబట్టి ఆ బాధను ఆయన ఎవరినీ అడిగి తెలుసుకోవాల్సిన పని లేకపోయింది. ఆయన తండ్రి సినిమా హాల్లో సోడా కొట్టు నడిపేవారు. కొడుకు అక్కడ చేయి సాయం పట్టేవాడు. తెర మీది బొమ్మ కంటే హాలు చీకట్లో బతుకు ఈడ్చే కుర్రాళ్లు ఆయన కంట పడ్డారు. రెండో నవల ‘నిళల్ ముట్రం’ వాళ్లదే.

2000లో వచ్చిన ‘కూళమాదారి’లో భూస్వామి మేకలు కాయడానికి జీతానికి కుదిరిన దళిత బాలుడు కథానాయకుడు. తెలుగు పాఠకులకు దగ్గరగా తోచే సంగతి ఒకటుంది. కొంగునాట ఆ పిల్లాడి కులానికి చెందిన ఎన్నో కుటుంబాల ఇంటి భాష తెలుగే. ఇక 2007 నాటి ‘కంగణం’కు ముడిసరుకు పెళ్లి సంబంధాల వేట. ఆడపిల్లల్ని కడుపులోనే వదిలించుకున్న కులంలో, ముప్పై దాటినా పిల్ల దొరకని రైతు తిప్పలు అందులో ఉంటాయి. ఇంటింటా వినిపిస్తున్న గోడును నవలగా మలిచారాయన.

వృత్తిరీత్యా ఆయన తమిళ అధ్యాపకుడు. నామక్కల్ ప్రభుత్వ కళాశాలలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. తరగతి గది కూడా ఆయనకు వినే చోటే అయింది. కులంతో తమ అనుభవాలను రాయమంటే వచ్చిన 32 వ్యాసాలను 2013లో ‘సాదియుం నానుం’ పేరుతో పుస్తకంగా తెచ్చారు. మాటల్నీ ఆయన వదల్లేదు. పొలంలో, సంతలో, వంటింట్లో నలిగే కొంగు మాండలిక పదాలను పోగుచేసి 2000లో నిఘంటువు వెలువరించారు. మామూలుగా పండితులు చేసే పని ఇది. నవలాకారుడికి మాత్రం అది పనిముట్ల పెట్టె. పాత్ర నోట ఏ మాట రావాలో అందులోనే దొరుకుతుంది.

ఈ వినికిడిలోంచే ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన నవల పుట్టింది. ఒక ఫెలోషిప్పు సాయంతో తిరుచెంగోడు చుట్టూ జానపద విశేషాలు సేకరిస్తున్నప్పుడు ఆయనకు ‘సామి పిళ్లై’ అన్న మాట తరచూ తగిలింది. అంటే దేవుడిచ్చిన బిడ్డ. మొక్కుకుంటే పుట్టినవాళ్లని మొదట అనుకున్నారు. తవ్వేకొద్దీ గుడి రథోత్సవంతో ముడిపడిన పాత ఆచారం ఒకటుందన్న జనశ్రుతి బయటపడింది. పిల్లల్లేని స్త్రీ ఉత్సవంలో ఒక రాత్రి పరాయి పురుషుణ్ణి దేవుడిగా భావించి కలవడం ఆ ఆచారం. పన్నెండేళ్లుగా సంతానం లేక ఊరి సూటిపోటి మాటలు పడుతున్న కాళి, పొన్నా అనే దంపతుల్ని సృష్టించి, ఆ రాత్రి ముందు నిలబెట్టారు మురుగన్. అదే 2010లో వచ్చిన ‘మాదొరుభాగన్’.

నాలుగేళ్లపాటు ఎవరూ కిమ్మనలేదు. 2013లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది. 2014 డిసెంబర్‌లో తిరుచెంగోడులో పుస్తకం ప్రతులు తగలబడ్డాయి. కుల సంఘాలు, హిందూత్వ సంస్థలు వీధికెక్కాయి. ఊరి ఆడవాళ్లను, కులాన్ని, దేవుణ్ణి నవల కించపరిచిందన్నది వాళ్ల ఆరోపణ. ఆచారానికి ఆధారాలేవని నిలదీశారు. జనం నోళ్లలో నానే మాటకు రుజువులుండవన్నది నిజమే. కానీ నవలకు రుజువులు అడగడం సబబేనా అన్న ప్రశ్నను ఆ వేడిలో పట్టించుకున్నవాళ్లు తక్కువ. బంద్ కూడా జరిగింది. 2015 జనవరి 12న నామక్కల్‌లో అధికారుల సమక్షంలో జరిగిన చర్చల్లో బేషరతు క్షమాపణపై మురుగన్ సంతకం చేశారు. ఆ వెంటనే, తనలోని రచయిత చనిపోయాడని, ఇక మిగిలింది మామూలు ఉపాధ్యాయుడేనని ఫేస్‌బుక్‌లో ప్రకటించారు. తన పుస్తకాలు అమ్మవద్దని ప్రచురణకర్తలను కోరారు. సొంత ప్రాంతం వదిలి చెన్నై కళాశాలకు మారారు.

వివాదం గురించి రాసినవాళ్లంతా భావప్రకటన స్వేచ్ఛ గురించే ఎక్కువ మాట్లాడారు. ఆ నష్టం పెద్దదే. దాని చాటున మరో నష్టం ఉంది. మురుగన్ లాంటి రచయితకు ఊరంటే చిరునామా మాత్రమే కాదు. రోజూ చెవిన పడే మాటలు, ఎదురుపడే మనుషులు, తెలిసిన చెట్లు... ఆయన సరుకంతా అక్కడే ఉంది. ఆ రచయిత ఊరికి దూరమైతే రాసే హక్కుతోపాటు రాయడానికి కావలసిందీ పోతుంది.

2016 జూలై 5న మద్రాస్ హైకోర్టు తీర్పు చెప్పింది. నవలను నిషేధించాలన్న వాదనను తోసిపుచ్చింది. నచ్చని పుస్తకాన్ని మూసేస్తే సరిపోతుందని, క్షమాపణ ఒప్పందానికి కట్టుబడాల్సిన అవసరం రచయితకు లేదని స్పష్టం చేసింది. ఆయన మళ్లీ తన పని మొదలుపెట్టాలని ఆకాంక్షించింది. ఆ ఆగస్టులోనే ఢిల్లీలో ‘కోళైయిన్ పాడల్గళ్’ విడుదలైంది. పిరికివాడి పాటలని ఆ పేరుకు అర్థం. అవి మౌనంలో ఉన్న రోజుల్లో పుట్టిన కవితలు. అంటే, రచయిత చనిపోయాడని ప్రకటించాక కూడా ఆయనలో ఒకడు రాస్తూనే ఉన్నాడు. అయితే ఇప్పుడు తన లోపల ఓ సెన్సార్ అధికారి కూర్చున్నాడని, పుట్టే ప్రతి మాటనూ తనిఖీ చేస్తున్నాడని మురుగన్ అప్పట్లో చెప్పారు.

ఆ తనిఖీ ఎలా ఉంటుందో తర్వాతి నవల ముందుమాటలో తెలుస్తుంది. మనుషుల గురించి రాయాలంటే భయం. దేవుళ్ల గురించి రాయాలంటే మరీ భయం. పోనీ జంతువుల గురించి రాద్దామంటే ఆయనకు బాగా తెలిసినవి ఐదే. కుక్క, పిల్లి కవిత్వానికి పనికొస్తాయి. ఆవు, పంది జోలికి పోకూడదు. ఇక మిగిలింది మేక. అలా 2016లో ‘పూనాచ్చి’ వచ్చింది. చదువుతుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు. ఒకప్పుడు చుట్టూ చూసి కావలసింది ఏరుకున్న రచయిత, ఇప్పుడు రాయకూడనివన్నీ ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ పోయి, చివర మిగిలినదాన్ని పట్టుకున్నారు. వస్తువును ఎంచుకునే పద్ధతే తలకిందులైంది.

‘పూనాచ్చి’లో జరిగేది అసుర లోకంలో. అక్కడ మేకపిల్ల పుడితే సర్కారుకు చూపించి చెవి కుట్టించుకోవాలి. పడిగాపులు పడాలి, అధికారుల ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. 2018 నాటి ‘కళిముగం’ పాత్రలూ అసురులే. ఊరి పేరు లేదు, కులం పేరు లేదు. అయినా ఎండకు మాడిన మెట్ట, మేత కోసం మందను తోలుకెళ్లే ముసలిది, వాన కోసం ఆకాశం వైపు చూసే రైతులు ఎవరికి తెలియదు? పేర్లు కొట్టేసినంత మాత్రాన ఆ నేల అక్కణ్ణుంచి పోలేదు.

2023లో మురుగన్ పేరు రెండుసార్లు వార్తల్లోకి వచ్చింది. కులాంతర వివాహం నేపథ్యంగా సాగే ‘పూక్కుళి’ ఇంగ్లీషు అనువాదం అంతర్జాతీయ బుకర్ తొలి జాబితాలో చేరింది. ‘ఆలండాపట్చి’ అనువాదానికి జేసీబీ సాహిత్య బహుమతి దక్కింది. ఆ రెండో నవల ఆస్తి పంపకంతో మనసు విరిగి, సొంత నేలను వదిలి కొత్త భూమి వెతుక్కుంటూ వెళ్లే రైతు కథ. సొంత ఊరు విడవాల్సి రావడానికి చాలా ముందే ఆయన దాన్ని రాశారు.

కోర్టు ఆయనకు కలం తిరిగి ఇప్పించగలిగింది. జనాన్ని మునుపటిలా మనసు విప్పి మాట్లాడమని ఆదేశించడం, ఆ మాటల్ని ఆయన మునుపటిలా బెరుకు లేకుండా వినేలా చేయడం ఏ కోర్టు వల్లా కాదు. అది ఊరికీ రచయితకూ మధ్య తేలాల్సిన లెక్క. ఈలోగా ఒక్క విషయం మాత్రం తేలిపోయింది. అన్నీ కొట్టేసుకున్నాక చివరికి మిగిలిన ఆ మేక కూడా ఆయనకు కూతవేటులోనే దొరికింది.