షుగర్ ఉన్నవాళ్ల కంట్లో అలారం ఎవరు మోగిస్తున్నారు?

ఈ రోజు టాపిక్ నేను వెతుక్కున్నది కాదు, మా ఇంటికే వచ్చింది. మా నాన్నకి పన్నెండేళ్లుగా షుగర్. పోయినేడాది పేపర్ చదువుతుంటే అక్షరాల మధ్యలో మసకగా ఉందన్నారు. "అద్దాల నంబర్ మారుంటుందిలేరా" అని మూడు నెలలు లాగించేశారు. తీరా చూపిస్తే రెటీనా మధ్యలో నీరు చేరింది. కంట్లో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఐదు వేసినా వాపు పూర్తిగా దిగలేదు. అప్పుడు డాక్టర్ గారు "స్టెరాయిడ్ పెడదాం" అన్నారు.

నాకు అక్కడే డౌట్ వచ్చింది. స్టెరాయిడ్ అంటే ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు కదా. షుగర్ వల్ల వచ్చే కంటి జబ్బుకి దానితో పనేంటి?

పని ఉంది. నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసినవాణ్ని. చదివి అర్థం చేసుకున్నది చెప్తాను. మందు విషయం మాత్రం మీ డాక్టరే తేల్చాలి.

ముందు రెటీనా సంగతి. ఫోన్ కెమెరాకి సెన్సర్ ఎలాగో కంటికి రెటీనా అలాగ. దాని మధ్యలో ఉండే చిన్న చోటు మాక్యులా. చదవాలన్నా, మొహం గుర్తుపట్టాలన్నా అదే కావాలి. రెటీనాలోని సన్న రక్తనాళాల గోడల్లో కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఆ అతుకులు వదులైతే నాళంలోంచి ద్రవం కారి మాక్యులా ఉబ్బుతుంది. దీన్నే డయాబెటిక్ మాక్యులర్ ఎడీమా అంటారు.

మరి అతుకులు ఎందుకు వదులవుతాయి? కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది చిన్న చిన్న ప్రోటీన్లతో. ఒక కణం వదులుతుంది, ఇంకో కణం రిసెప్టర్‌తో అందుకుంటుంది. ఇన్‌ఫ్లమేషన్ సంగతి చెప్పే ఇలాంటి ప్రోటీన్లలో చాలావాటిని సైటోకైన్లు అంటారు. గాయమైనప్పుడు ఇవి మోగించే అలారం మనకి అవసరమే. చిక్కంతా అలారం ఆగకుండా మోగితేనే.

ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే రెటీనాలోని మైక్రోగ్లియా, ముల్లర్ కణాలు ఐఎల్-6, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఎంసీపీ-1 లాంటి సిగ్నళ్లు వదులుతాయి. దాంతో నాళం లోపలి గోడ మీద ఐక్యామ్-1 అనే జిగురులాంటి ప్రోటీన్ పెరుగుతుంది. తెల్ల రక్తకణాలు వచ్చి దానికి అతుక్కుంటాయి. కొన్ని సన్న నాళాలు మూసుకుపోతాయి. అక్కడ ఆక్సిజన్ తగ్గుతుంది. ఆక్సిజన్ తగ్గగానే రెటీనా వీఈజీఎఫ్ అనే ఇంకో సిగ్నల్ వదులుతుంది. అతుకుల్ని బాగా వదులు చేసేది ఇదే. పైగా వీఈజీఎఫ్ మళ్లీ ఐక్యామ్-1ని పెంచుతుంది. అంటే కథ మళ్లీ మొదటికే! మా భాషలో చెప్పాలంటే ఎగ్జిట్ కండిషన్ లేని లూప్.

కంట్లో షుగర్ జబ్బు ముదిరి కొత్త నాళాలు పుడుతున్నవాళ్ల కంటి ద్రవంలో వీఈజీఎఫ్ బాగా ఎక్కువగా ఉంటుందని 1994లో బోస్టన్‌లోని జోస్లిన్ డయాబెటిస్ సెంటర్ పరిశోధకులు చూపించారు. తర్వాత దాన్ని పట్టేసే మందులు వచ్చాయి. రానిబిజుమాబ్, అఫ్లిబర్‌సెప్ట్ అలాంటివే. చాలామందికి మొదట ఇచ్చేవి కూడా ఇవే.

అయితే అందరికీ వాపు పూర్తిగా దిగదు. ఒక అలారాన్ని ఆపినా ఐఎల్-6 లాంటి మిగతావి మోగుతూ ఉండటం దీనికి ఒక కారణమంటారు. స్టెరాయిడ్ ఒక్క సిగ్నల్‌ని కాదు, చాలా సిగ్నళ్ల తయారీని ఒకేసారి తగ్గిస్తుంది, వీఈజీఎఫ్‌తో సహా. డెక్సామెథసోన్ ఇంప్లాంట్ అంటే కంట్లో పెట్టే సన్నటి పుల్లలాంటి మందు. నెలల పాటు కొద్దికొద్దిగా కరుగుతుంది.

"మరి మొదటే అది పెట్టేయొచ్చుగా?" అంటారేమో. దానికి ధర ఉంది. కంటి ప్రెజర్ పెరగొచ్చు, శుక్లం త్వరగా రావొచ్చు. అందుకే చాలామందికి అది రెండో దారి. పెట్టాక ప్రెజర్ చూపించుకుంటూ ఉండాల్సిందే. 2022లో అమెరికాలో ఆమోదం పొందిన ఫారిసిమాబ్ అయితే వీఈజీఎఫ్‌తో పాటు యాంజియోపొయెటిన్-2 అనే ఇంకో సిగ్నల్‌ని కూడా అడ్డుకుంటుంది.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కన మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు దాదాపు 10 కోట్ల మంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒకరుంటారు. గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, ఈ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, చూపు కూడా బానే ఉంటుంది. అందుకే టైప్-2 షుగర్ అని తెలిసిన ఏడాదే చుక్కలు వేయించి రెటీనా చూపించాలి. తర్వాత డాక్టర్ వేరేగా చెప్తే తప్ప ఏడాదికోసారి. అద్దాల షాపులో నంబర్ చూపిస్తే రెటీనా చూపించినట్టు కాదు. గీతలు వంకరగా కనిపించినా, మధ్యలో మసకగా ఉన్నా వెంటనే వెళ్లాలి. షుగర్, బీపీ అదుపులో లేకపోతే ఏ ఇంజెక్షనైనా ఒంటరి పోరాటమే.

నాన్నకి వాపు తగ్గింది. చూపు కొంత వచ్చింది, మొత్తం రాలేదు. ఆ మూడు నెలలు ఆగకపోయుంటే ఇంకెంత మిగిలేదో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు పేపర్ ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతున్నారు. చదివినంతసేపూ "ముందే చెప్పాల్సిందిరా" అని నన్నే అంటారు.

అందుకే మీకు ముందే చెప్తున్నా. వీడియో షేర్ చేయకపోయినా పర్లేదు, ఈ వారం ఇంటికి ఫోన్ చేసి "కళ్లు ఎప్పుడు చూపించుకున్నారు?" అని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.