గేటు తెరిచినా గడప దాటలేదు
ఫిల్మ్ సిటీ ప్రయాణంపై బొగ్గుబావుల ఇళ్ళలో సాగిన తర్జనభర్జన

బెల్లంపల్లి: "బాపూ, ఫిల్మ్ సిటీ మళ్ళ తెరిచిన్రట. మనమెప్పుడు పోదాం?"

2021 ఫిబ్రవరిలో బొగ్గుబావుల క్వార్టర్లలో పిల్లల నోట వినిపించిన ప్రశ్న ఇది. అడగడానికి అరనిమిషం చాలు. జవాబు చెప్పడానికి మాత్రం చాలా ఇళ్ళలో ఏడాదికి పైగా పట్టింది. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. తాత, నాయన, అమ్మ, ఇద్దరు పిల్లలు రెండు గదుల్లో సర్దుకునే ప్రతి ఇంటి కథ.

బెల్లంపల్లి నుంచి హైదరాబాద్ రెండు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. కాజీపేట-బల్లార్షా రైలు మార్గంపై ఉన్న ఈ ఊరివారికి రాజధాని కొత్త కాదు. అయితే ఆసుపత్రికో, కోర్టుకో, పరీక్షకో వెళ్ళి వచ్చేవారే ఎక్కువ. కేవలం సంతోషం కోసం ఇంటిల్లిపాదీ రైలెక్కేది ఏ రెండు మూడేళ్ళకో ఒకసారి. అలాంటి ప్రయాణంలో పిల్లల మొదటి ఓటు రామోజీ ఫిల్మ్ సిటీకే. 1996లో మొదలై, ప్రపంచంలోనే అతిపెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డుకెక్కిన చోటు అది. 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా వచ్చాక రెండో ఓటు దానికి పడుతోంది.

కార్మికుడికి సెలవు దొరకాలి. పిల్లలకు బడి ఉండకూడదు. చేతిలో నాలుగు డబ్బులుండాలి. తాత ఆరోగ్యం కుదురుగా ఉండాలి. ఈ నాలుగూ కలిసి వచ్చిన రోజే ప్రయాణం. 2020లో వీటికి ఐదోది తోడైంది. అదే కరోనా.

అన్ని తలుపులూ ఒకేసారి

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించింది. 22న జనతా కర్ఫ్యూ. ఆ అర్ధరాత్రితో దేశంలో ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయాయి. 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. బెల్లంపల్లి పట్టాల మీద సరుకు బండ్ల చప్పుడే మిగిలింది. బళ్ళు, సినిమాహాళ్ళు, గుళ్ళు, వినోద కేంద్రాలు అన్నీ మూతబడ్డాయి. మూసేటప్పుడు చర్చ లేదు. ప్రభుత్వం మూసింది, జనం ఇళ్ళలో ఉన్నారు. అసలు చిక్కు తెరిచేటప్పుడు వచ్చింది. ఎందుకంటే తెరిచిన చోటికి వెళ్ళాలా వద్దా అన్నది ఎవరి ఇంట్లో వారే తేల్చుకోవలసిన సంగతి.

ఆశ పెట్టిన ఫిబ్రవరి

2021 ఫిబ్రవరి 18న ఫిల్మ్ సిటీ సందర్శకులకు మళ్ళీ తలుపులు తీసింది. ఆనాటి పరిస్థితి చూస్తే అందులో తప్పుపట్టవలసింది ఏమీ కనిపించదు. 2020 సెప్టెంబర్‌లో దేశంలో రోజుకు 90 వేలు దాటిన కొత్త కేసులు, ఆ ఫిబ్రవరి నాటికి పది పదిహేను వేలకు దిగాయి. తెలంగాణలో ఫిబ్రవరి 1 నుంచే తొమ్మిది, ఆపై తరగతులకు బళ్ళు నడుస్తున్నాయి. టీకా వచ్చింది. "ఇక అయిపోయింది" అన్న మాట బజారులో, బావి దగ్గర, బస్టాండులో వినిపించసాగింది.

అయితే అది అయిపోలేదు. మార్చి 24 నుంచి రాష్ట్రంలో బళ్ళు మళ్ళీ మూతపడ్డాయి. మే 7న ఒక్కరోజు లెక్కలో దేశంలో 4 లక్షల 14 వేల కొత్త కేసులు తేలాయి. మే 12న తెలంగాణలో మొదలైన లాక్‌డౌన్ జూన్ 19 వరకు సాగింది. ఆక్సిజన్ కోసం, పడక కోసం జనం పరుగులు తీశారు. ఫిబ్రవరిలో తెరిచిన గేటు మళ్ళీ మూతబడింది. వండర్‌లా ఆగస్టు 5న, ఫిల్మ్ సిటీ అక్టోబర్ 8న మరోసారి తెరుచుకున్నాయి.

మహమ్మారులకు ఈ గుణం కొత్త కాదు. 1918లో బొంబాయి రేవు గుండా దేశంలోకి దిగిన ఇన్‌ఫ్లుయెంజా వేసవిలో ఓ మోస్తరుగా వచ్చి పోయింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. సెప్టెంబర్ నుంచి విరుచుకుపడిన రెండో అల కోటి మందికి పైగా భారతీయులను బలిగొంది. మొదటి అల తగ్గడాన్ని జబ్బు పోవడంగా లెక్కగట్టరాదని చెప్పే పాఠం అది. నూరేళ్ళ తర్వాత అదే పాఠం మళ్ళీ చదవవలసి వచ్చింది.

తాత ఊపిరి, మనవడి ఆట

గని ఊళ్ళో తాత అంటే మామూలు తాత కాదు. ముప్ఫై ఏళ్ళు భూమి కింద బొగ్గు దుమ్ము పీల్చిన మనిషి. మెట్లెక్కితే ఆయాసం, చలికాలంలో దగ్గు. కరోనా మొదట వెతికేది ఇలాంటి ఊపిరితిత్తులనే. అందుకే ఫిల్మ్ సిటీ చర్చ ఎక్కడ మొదలైనా తాత దగ్గరికే వచ్చి ఆగింది.

"నన్ను ఇంటికాడ ఇడిసిపెట్టి మీరు పోయి రాండ్రి బిడ్డా" అనడం పెద్దలకు తేలికే. కాని లెక్క అంత సులువుగా తెగలేదు. పిల్లలు వెళ్ళి, ఆడి, తిరిగి వచ్చేది ఆ రెండు గదుల ఇంటికే. పడుకునేది తాత పక్కనే. ప్రయాణంలో తాత లేకపోయినా ప్రయాణం తెచ్చే ముప్పులో తాత ఉన్నాడు. పిల్లవాడికి రెండు రోజుల జ్వరంతో పోయేది, తాతకు ఆసుపత్రి దాకా పోవచ్చు.

టీకా వరస ఈ లెక్కను మరింత ముడివేసింది. 2021 జనవరి 16న వైద్య సిబ్బందితో మొదలైన టీకా, మార్చి 1న 60 ఏళ్ళు దాటినవారికి, ఏప్రిల్ 1న 45 దాటినవారికి, మే 1న 18 దాటినవారికి అందుబాటులోకి వచ్చింది. పిల్లల వంతు చివర వచ్చింది. 15 నుంచి 18 ఏళ్ళ వారికి 2022 జనవరి 3న, 12 నుంచి 14 ఏళ్ళ వారికి అదే ఏడాది మార్చి 16న మొదలుపెట్టారు. మొదటివారికి భారత్ బయోటెక్ కొవాగ్జిన్, రెండోవారికి బయోలాజికల్-ఇ కార్బెవాక్స్ వేశారు. రెండూ హైదరాబాద్ కంపెనీలే కావడం విశేషం. పన్నెండేళ్ళ లోపువారికి మన దేశ కార్యక్రమంలో టీకా రానేలేదు.

అంటే 2021 అక్టోబర్‌లో గేటు రెండోసారి తెరిచేనాటికి తాతకు టీకా పడింది, మనవడికి పడలేదు. ఆడుకోవలసినవాడికి రక్షణ లేదు. రక్షణ ఉన్నవాడికి ఆడే ఓపిక లేదు. టీకా జబ్బు ముదరకుండా, ప్రాణం మీదికి రాకుండా బాగా కాపాడింది గాని, అంటుకోకుండా పూర్తిగా ఆపలేదు. దాంతో "టీకా పడ్డది గదా" అన్న ఒక్క మాటతో చర్చ ముగియలేదు.

ముప్పు ఉయ్యాల మీద లేదు

వినోద కేంద్రం అనగానే అందరి చూపూ రంగులరాట్నాల మీదికి పోతుంది. నిజానికి ఆరుబయట, గాలిలో తిరిగే ఉయ్యాల మీద ముప్పు తక్కువ. దాని కింద కిక్కిరిసిన క్యూలో ఎక్కువ. తలుపులు మూసిన ఏసీ హాలులో ఇంకా ఎక్కువ. కరోనా ప్రధానంగా గాలి ద్వారా వ్యాపించేది. ఒకరు వదిలిన ఊపిరి మూసిన గదిలో నిలిచిపోతుంది, ఆరుబయట చెదిరిపోతుంది.

పైగా బెల్లంపల్లివారికి ప్రయాణం ఫిల్మ్ సిటీ గేటు దగ్గర మొదలు కాదు. గంటల తరబడి రైలు, సికింద్రాబాద్ నుంచి సిటీ బస్సో ఆటోనో, చుట్టాల ఇంట్లో ఒకటి రెండు రాత్రులు, హోటల్ భోజనం, మళ్ళీ రైలు. గేటు దగ్గర థర్మామీటరు పెట్టి చూసినంత మాత్రాన ఈ దారంతా శుభ్రమైపోదు. తిరిగి వచ్చినవారు వారం రోజులు తాతకు కొంచెం ఎడంగా పడుకోవాలంటే, రెండో గది ఖాళీగా ఉండాలి. అది ఎన్ని క్వార్టర్లలో కుదురుతుంది?

అమెరికాలోనూ ఇదే గోల

ఈ చిక్కు ఇక్కడివారికే వచ్చింది కాదు. తెలుగువారు ఎందరో స్థిరపడిన అమెరికాలో ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ 2020 జూలై 11నే తెరుచుకుంది. అదే కంపెనీకి చెందిన కాలిఫోర్నియా డిస్నీలాండ్ మాత్రం 2021 ఏప్రిల్ 30 దాకా సందర్శకులను రానివ్వలేదు. జబ్బు ఒకటే, యజమాని ఒకరే. తెరిచిన తేదీల మధ్య తొమ్మిది నెలలకు పైగా తేడా. కారణం ఆయా రాష్ట్రాల నిబంధనలు.

చైనాలోని షాంఘై డిస్నీలాండ్ అందరికంటే ముందు, 2020 మే 11న తెరిచింది. 2022 అక్టోబర్ 31న ఉన్నట్టుండి గేట్లు మూసి, పరీక్షలో జబ్బు లేదని తేలేదాకా లోపలున్నవారిని బయటికి పంపలేదు. ఆటకు వెళ్ళినవారు ఆటస్థలంలోనే చిక్కుకున్నారు. దీన్నిబట్టి తేలేది ఒకటే. గేటు తెరిచే తేదీ ప్రభుత్వ నిబంధనను బట్టి, వ్యాపారాన్ని బట్టి ఉంటుంది. ఇంట్లో ఎవరి ఊపిరి ఎంత గట్టిదో ఆ గేటుకు తెలియదు.

సర్దార్ చెప్పిందాకా

ఈ సంగతి గని కార్మికుడికి ఒకరు చెప్పనక్కర్లేదు. బావి నోరు తెరిచి ఉంది గదా అని ఎవరూ పని స్థలంలోకి దూరిపోరు. షిఫ్టు పనికి ముందు మైనింగ్ సర్దార్ వెళ్ళి పైకప్పు తట్టి చూస్తాడు, గ్యాస్ ఉందేమో పరీక్షిస్తాడు. బ్లాస్టింగ్ జరిగాక పొగ తేలేదాకా ఆగుతారు. భద్రంగా ఉందన్నాకే అడుగు పెడతారు. నిన్న బాగుంది గనుక ఇవాళా బాగుంటుందని అనుకోవడం గనిలో చెల్లదు.

ఇంటి ప్రయాణానికీ ఇదే పద్ధతి పనికొచ్చింది. జాగ్రత్తగా అడుగేసిన ఇళ్ళవారు నాలుగు ప్రశ్నలు వేసుకున్నారు. ఒకటి, జిల్లాలోనూ హైదరాబాద్‌లోనూ కేసులు వరసగా కొన్ని వారాలు తగ్గాయా, లేక ఒక్క వారమే తగ్గాయా? రెండు, ఇంట్లో అందరికంటే బలహీనమైన మనిషికి టీకా పూర్తయి రెండు వారాలు దాటిందా? మూడు, తిరిగి వచ్చాక ఎవరికైనా జ్వరం వస్తే పడక దొరికే పరిస్థితి ఉందా? నాలుగు, బయలుదేరే రోజు పొద్దున పిల్లవాడు తుమ్మితే టికెట్టు వదులుకోవడానికి సిద్ధమేనా?

నాలుగోది చిన్నదిగా కనిపిస్తుంది గాని, అదే పెద్దది. ముందే డబ్బు కట్టిన టికెట్టు జ్వరాన్ని జలుబుగా చూపిస్తుంది. "ఇంత ఖర్చు పెట్టినం, ఇప్పుడెట్ల ఆగుతం" అనిపిస్తుంది. టికెట్టు పోయినా పోనీ అనుకోగలిగినవారే నిజంగా ప్రయాణానికి సిద్ధమైనవారు.

దగ్గరి గాలి

ఫిల్మ్ సిటీ వాయిదా పడినంత మాత్రాన పిల్లల్ని నాలుగు గోడల మధ్య కట్టేయనక్కర్లేదు. మందమర్రి మండలం బొక్కలగుట్ట దగ్గర గాంధారి వనం ఉంది. కన్నాల దగ్గర బుగ్గ ఉంది. మంచిర్యాలలో గోదావరి ఒడ్డుంది. పొద్దున వెళ్ళి, చెట్టు కింద సద్ది తిని, పొద్దు గూకేసరికి ఇల్లు చేరవచ్చు. రైలు లేదు, హోటల్ లేదు, క్యూ లేదు. తాత కూడా రావచ్చు. పెద్ద ప్రయాణానికి ముందు ఇలాంటి చిన్న ప్రయాణాలు ఇంటికి ధైర్యాన్ని తిరిగి నేర్పుతాయి.

2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చి, సంక్రాంతి సెలవులు నెలాఖరు దాకా సాగాయి. ఫిబ్రవరి 1న బళ్ళు తెరిచారు. అదే నెల 16 నుంచి 19 వరకు మేడారం జాతర జరిగింది. రెండేళ్ళకోసారి వచ్చే తల్లుల మొక్కును వాయిదా వేయడం చాలామందికి మనసొప్పలేదు, జనం తరలివెళ్ళారు. మొక్కు వేరు, వినోదం వేరు. జాతర తేదీ మన చేతిలో లేదు. ఫిల్మ్ సిటీ తేదీ మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. ఆగగలిగిన చోట ఆగడం పిరికితనం కాదు.

చివరికి రైలెక్కారు

2022 వేసవి నాటికి లెక్కలు చాలావరకు కలిసి వచ్చాయి. తాతకు టీకా పడింది, అమ్మానాయనలకు పడింది, పన్నెండు దాటిన పిల్లలకూ పడింది. రిజర్వేషన్ లేకుండా జనరల్ బోగీల్లో ఎక్కే పాత పద్ధతిని రైల్వే దశలవారీగా మళ్ళీ తెచ్చింది. కాకపోతే తాతకు మరో దెబ్బ తగిలింది. అరవై దాటిన మగవారికి 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవారికి 50 శాతం ఇచ్చే చార్జీ రాయితీని 2020 మార్చి 20న ఆపేశారు. రైళ్ళు తిరిగి వచ్చాయి గాని రాయితీ వాటితో రాలేదు. తాతను వెంట తీసుకుపోవడానికి ధైర్యంతోపాటు పూర్తి టికెట్టు డబ్బూ కావలసి వచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర స్థితిని ఎత్తివేసింది. జబ్బు పోలేదు, అది తెచ్చిన అత్యవసరం పోయింది. కొన్ని ఇళ్ళవారు అప్పటికే వెళ్ళి వచ్చి ఫొటోలు గోడకు పెట్టుకున్నారు. కొన్ని ఇళ్ళలో ఐదుగురు ఎక్కవలసిన రైలు నలుగురే ఎక్కారు. ఆ ఖాళీ సీటు ముందు ఏ తేదీ లెక్కా నిలవదు.

రేపు మరో జబ్బు రావచ్చు, మరో గేటు మూసి తెరవవచ్చు. ఆనాడు పిల్లలు మళ్ళీ అదే ప్రశ్న వేస్తారు. జవాబు కోసం గేటు వైపు కాక, ఇంట్లో దగ్గుతున్న మనిషి వైపు ముందు చూడాలి. ఎదురుచూసిన ఇళ్ళలో పెద్దలు అన్న మాట అదే:

"గేటు యాడికి పోతది బిడ్డా, అది ఆడనే ఉంటది. పోయేటందుకు మనం ఉండాలె."