పాత బండికి వెల కట్టడమెలా?

ఏళ్ళు కాదు, కాగితాలు, అసలు భాగాలే ధరకు మూలం

పాత కార్లకు, మోటారు సైకిళ్ళకు ఇటీవలి సంవత్సరాలలో గిరాకీ ఏర్పడిన సంగతి వర్తకులకు విదితమే. మిల్లు షెడ్లలోను, గోడౌన్ల వెనుకను ఏళ్ళ తరబడి కదలక పడివున్న బండ్లను వెదుక్కుంటూ బేరగాళ్ళు వస్తున్నారు. అయితే మిర్చికి, పసుపుకు వున్నట్లు ఈ సరుకుకు యార్డు ధర లేదు. ప్రతి బండీ ఒక విడి లాటే. వెల తెలియకుండా బేరానికి కూర్చున్న అమ్మకందారుకు రెండు విధాల నష్టం. మంచి బండిని పాత ఇనుము ధరకు వదులుకోవడం మొదటిది. మామూలు బండికి లేని ధర ఆశించి, వచ్చిన బేరాలన్నీ పోగొట్టుకొని, చివరకు దానిని తుప్పుకు అప్పగించడం రెండవది.

వయస్సు ఒక్కటే చాలదు

'వింటేజి' అన్న మాటకు అందరూ ఒకే అర్థం చెప్పరు. బ్రిటనులోని వింటేజి స్పోర్ట్స్ కార్ క్లబ్ లెక్కలో 1919 - 1930 మధ్య తయారైన కార్లే వింటేజి. మన దేశంలో 2021 జూలైలో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరగని కార్లు, ద్విచక్ర వాహనాలు ఈ కోవలోకి వస్తాయి.

గిరాకీ మాత్రం ఈ లెక్కను బట్టి నడవదు. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100కు ఇంకా 50 ఏళ్ళు నిండలేదు. అయినా మంచి స్థితిలో వున్న బండికి కొనుగోలుదారులు పోటీపడతారు. అంబాసిడర్ తయారీ 2014 వరకు సాగింది గనుక 1980ల నాటి బండ్లు దొరకడం కష్టం కాదు. తొలి సంవత్సరాల మార్క్ వన్ అసలు రూపంలో దొరకడం అరుదు. కనుక బండి ఏ సంవత్సరానిది అన్న దానితోపాటు, అటువంటివి ఎన్ని మిగిలాయి, వాటిని కోరేవారు ఎందరు అన్నది విచారించవలెను.

ముందు సి బుక్కు

వెల కట్టడానికి కూర్చున్న అనుభవజ్ఞుడు ముందుగా అడిగేది సి బుక్కు. అందులోని ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు బండిపై చెక్కిన నెంబర్లతో సరిపోవాలి. ఇంజను మార్చి, ఆ సంగతి పుస్తకంలోకి ఎక్కించని బండి ధర అక్కడే విరుగుతుంది. యజమాని మరణించివుంటే వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31, ఫైనాన్సు బాకీ తీరినట్లు ఫారం 35, అమ్మకానికి ఫారాలు 29, 30 అవసరం. ఈ పనులు బేరం కుదిరాక చూసుకోవచ్చుననుకుంటే, బయానా ఇచ్చిన కొనుగోలుదారు అదే సాకుతో ధర తగ్గించగలడు.

వింటేజి బండికి కొత్తగా 'వి.ఎ.' వరుసలో నెంబరు తీసుకుంటే రుసుము 20,000 రూపాయలు, గడువు 10 సంవత్సరాలు. తిరిగి రిజిస్టరు చేయడానికి 5,000 రూపాయలు. ఇటువంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజువారీగా గాని, బాడుగకు గాని రోడ్డుపై తిప్పరాదు. అంటే దానిని కొనేది సేకరణదారే గాని, వాడుకకు కొనే మనిషి కాడు. అమ్మిన 90 రోజులలోగా ఇరుపక్షాలూ రవాణా అధికారులకు తెలియజేయవలసి వుంటుంది.

రంగు కొట్టించి అమ్మరాదు

అమ్మేముందు డెంటింగు చేయించి, రంగు కొట్టిస్తే ధర పెరుగుతుందన్నది చాలామంది పొరపాటు. వెలసినదైనా కంపెనీ రంగు బండి చరిత్రను చూపుతుంది. కొత్త రంగు అనుమానం పుట్టిస్తుంది. తెలిసిన కొనుగోలుదారు అయస్కాంతం తెచ్చి రేకుపై పెడతాడు. లోపల పుట్టీ దట్టంగా నింపివుంటే అది అంటుకోదు.

మైసూరులో 1961 నుంచి తయారైన జావా 250నే తీసుకుందాం. ట్యాంకు పక్కల క్రోమియం పూత, జికోవ్ కార్బురేటరు, గేరుకూ కిక్కుకూ ఒకటే పనిచేసే లీవరు దాని గుర్తులు. వీటిలో ఏది మారినా ఆ మేరకు తరుగు తీయక తప్పదు. విప్పిన పాత భాగాలను పారవేయక బండితోపాటే ఇవ్వడం మేలు.

అమెరికాలోని హాగర్టీ సంస్థ ధరల పట్టికలో పాత కార్లను స్థితిని బట్టి నాలుగు తరగతులు చేస్తుంది. పోటీ ప్రదర్శనకు తగినది ఒకటవది. లోపాలున్నా నడిచేది నాల్గవది. ఆ ధరలు మన బజారుకు వర్తించవు గాని, పొగాకుకు గ్రేడు కట్టినట్లు ముందుగా తరగతి తేల్చుకొనే పద్ధతి మనకూ పనికివస్తుంది.

కొనుగోలుదారు లెక్క

అదే మోడలు బాగుచేసిన బండి 100 రూపాయలకు పోతుందనుకుందాం. మీ బండిని ఆ స్థితికి తేవడానికి 45 ఖర్చు. పెట్టుబడి నిలిచిపోవడానికి, తెలియని లోపాలకు మరో 15. కొనుగోలుదారు పెట్టగలిగేది 40 మాత్రమే. కాటాకు వేస్తే వచ్చే ఇనుము ధర అడుగు మట్టం, ఈ 40 పై మట్టం. బేరం ఈ రెంటి మధ్య సాగుతుంది.

పోల్చడానికి అడిగిన ధరలు కాక, అమ్ముడైన ధరలే తీసుకోవలెను. వేలం వార్తలలోని అంకె సైతం అమ్మకందారు చేతికి వచ్చేది కాదు. 2018 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరేలో 1962 నాటి ఫెరారీ 250 జి.టి.ఓ. 4.84 కోట్ల డాలర్లకు పోయిందని లోకమంతా చదివింది. సుత్తి పడినది 4.4 కోట్ల వద్ద. మిగిలినది కొన్నవారి నుంచి వేలం సంస్థ తీసుకున్న కమీషను.

కనుక బండిని తుడిచి, రంగు ముట్టక, కాగితాలు సరిచేసి, బేరంతో సంబంధం లేని ఇద్దరు మెకానిక్కుల చేత వేర్వేరుగా చూపించి, వారి అంచనాలు రాతలో తీసుకోవడం ఉత్తమం. ఆ తరువాతనే బేరగాడికి షెడ్డు తలుపు తీయవలెను.