పాట కట్టడం నేర్పినవాళ్లు ఏ పని చేసేవాళ్లు?

కర్నూలు మెడికల్ కాలేజీలో ఒకప్పుడు చదువుకున్న డాక్టర్లకు శ్రీపాద పినాకపాణి గారు మెడిసిన్ ప్రొఫెసర్. జ్వరం ఎందుకొచ్చిందో, గుండె చప్పుడు ఏం చెబుతోందో ఆయన దగ్గరే నేర్చుకున్నారు. కర్ణాటక సంగీతం పాడేవాళ్లకు ఆ పేరే మరో రకంగా తెలుసు. వోలేటి వెంకటేశ్వర్లు, నేదునూరి కృష్ణమూర్తి, నూకల చిన సత్యనారాయణ అంతటి గాయకులకు గురువాయన. 1983లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మరుసటి ఏడాది పద్మభూషణ్ వచ్చింది. ఉద్యోగ విరమణ తర్వాత కూడా కర్నూలే ఆయన ఊరు. నూరో ఏట, 2013 మార్చి 11న, అక్కడే కన్నుమూశారు.

బతుకుతెరువుకు వైద్యం చేసుకుంటూ సంగీత గురువుల్లో అగ్రస్థానంలో నిలిచారు. మన దగ్గర ఇది వింతేమీ కాదు. కొత్త పాట కట్టడం, ఉన్న సాహిత్యానికి వరస కట్టడం తెలిసి, ఆ విద్యను శిష్యులకు అందించినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారని వెతికితే సంగీత రచనలో డిగ్రీ ఉన్నవాళ్లు దాదాపు కనిపించరు. కథా వేదిక మీంచి, తెలుగు క్లాసు గదిలోంచి, రేడియో స్టూడియోలోంచి, ఆస్పత్రి వార్డులోంచి వచ్చినవాళ్లే కనిపిస్తారు. వాళ్ల వృత్తి వాళ్ల సంగీతానికి అడ్డం రాలేదు. నా దృష్టిలో అదే దానికి ఎరువు.

మన సంగీత కళాశాలల్లో గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం అంటూ శాఖలుంటాయి. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపై రెండేళ్ల డిప్లొమా. విద్యార్థి గీతాలు, వర్ణాలు, కృతులు నేర్చుకుంటాడు, ఆపైన రాగాలాపన, నెరవు, స్వరకల్పన. పాట కట్టడానికంటూ విడిగా ఒక శాఖ గానీ, దానికో ఆచార్యుడు గానీ ఉండడు. శాస్త్రం పేపర్లో మాత్రం వాగ్గేయకార లక్షణం తప్పకుండా చదివిస్తారు. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో చెప్పిన లెక్క అది. మాటకు మాతువనీ, వరసకు ధాతువనీ పేరు. రెండూ తానే కట్టగలవాడు ఉత్తముడు. వరసలో దిట్ట అయి మాటలో వెనకబడినవాడు మధ్యముడు. మాట బాగా వచ్చి వరస చేతకానివాడు అధముడు. పరీక్షలో ఇది రాసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థిని ఒక పల్లవికి వరస కట్టమని అడిగేవాళ్లు అరుదు.

ఈ విద్యకు పాఠ్యపుస్తకమే లేదా అంటే, ఉంది. అదీ కడప సీమవాళ్లు రాసిందే. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యులు సంకీర్తన ఎలా ఉండాలో సంస్కృతంలో ఒక లక్షణ గ్రంథం రాశాడు. ఆ మూలం మనకు దక్కలేదు. మనవడు చిన తిరుమలాచార్యులు దాన్ని తెలుగు చేసిన 'సంకీర్తన లక్షణము' మాత్రం మిగిలింది. తాత వేల పాటలు కట్టాడు, మనవడు వాటి కట్టుబాటును పద్యాల్లో పెట్టాడు. పాట కట్టడాన్ని ఒక చదువుగా ఎంచి తెలుగులో రాసిన పుస్తకం అయిదు వందల ఏళ్ల నాడే మన చేతిలో ఉంది.

ఆ తాళ్లపాకవారి పాటలే ఇరవయ్యో శతాబ్దంలో మన సంగీతజ్ఞులకు పెద్ద పరీక్ష పెట్టాయి. తిరుమల గుడిలోని అరలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, ప్రతి పాటకూ రాగం పేరు ఉంది. స్వరం లేదు. అన్నమయ్య ముప్పై రెండు వేలు రాశాడని ప్రతీతి, దొరికినవి పన్నెండు వేలకు పైగానే. సామంతం, దేశాక్షి, పాడి, బౌళి అంటూ రేకు మీద చెక్కి ఉంటుంది. వాటిలో కొన్నిటిని ఇప్పుడు పాడేవాళ్లే లేరు. పేరు మారనివాటికి కూడా ఆనాటి రూపమే ఈనాడూ ఉందని చెప్పలేం. మాట ఉండి వరస పోయిన ఇన్ని వేల పాటలకు మళ్లీ గొంతు ఇవ్వాలి.

ఆ పనికి ముందుగా పూనుకున్నవారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారిది పెద్ద పేరు. 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టారు. వృత్తి తెలుగు పాఠం చెప్పడం. మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుంచి 1949 దాకా అదే ఉద్యోగం. వేమన మీద ఆయన చేసిన ఉపన్యాసాలు తెలుగు విమర్శలో ఇప్పటికీ తలమానికాలు. ప్రాకృతంలోని గాథాసప్తశతిని తెలుగు చేశారు. మైసూరులో ఉండగానే బిడారం కృష్ణప్ప వంటి విద్వాంసుల దగ్గర సంగీతం అభ్యసించారు. రిటైరయ్యాక తిరుపతి వచ్చి, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు మొదలుపెట్టిన తాళ్లపాక సాహిత్య పరిష్కరణను కొనసాగిస్తూ, ఎన్నో కీర్తనలకు స్వరం కట్టారు. దేవస్థానం వాటిని స్వరసహితంగా అచ్చు వేసింది.

ఈ పనికి తెలుగు మాస్టారే ఎందుకు కావాలి? పాడేవాళ్లకు తెలిసిన చిన్న సంగతి ఒకటుంది. 'పలు' అనే మాటలో మొదటి అక్షరాన్ని తాళం కోసం సాగదీస్తే అది 'పాలు' అవుతుంది. 'కలము' సాగితే 'కాలము'. 'వేయి కన్నులు' అనే చోట 'వే' దగ్గర ఊపిరి తీసుకుంటే 'యికన్నులు' అనే అర్థంలేని ముక్క మిగులుతుంది. హ్రస్వం మీద రెండు అక్షరకాలాలు నిలవాల్సి వస్తే మాట చెడకుండా ఆ జాగాను గమకంతో ఎలా నింపాలో, యతి ప్రాసలు వినపడేలా ఎత్తుగడ ఎక్కడ పెట్టాలో తెలియాలి. అయిదు వందల ఏళ్ల నాటి పలుకుబడి, అందులోనూ సీమ నుడికారం తెలియకపోతే ఎక్కడ విరవాలో కూడా తెలియదు. ముప్పై ఏడేళ్లు పద్యాన్ని విడదీసి అన్వయం చెప్పిన మనిషి చెవి ఆ తప్పును వెంటనే పట్టేస్తుంది. సంగీత అకాడమీ 1974లో కళానిధి బిరుదును ఈ తెలుగు ఉపాధ్యాయుడికి ఇచ్చింది. ఆ ఎంపిక న్యాయమైనదని నేను గట్టిగా నమ్ముతాను.

సీమలో పాటను ఎరిగిన తెలుగు పండితులు ఇంకా ఉన్నారు. కడప రామకృష్ణ హైస్కూల్లో పాఠాలు చెప్పిన పుట్టపర్తి నారాయణాచార్యులు గారు కీర్తనలూ రాశారు. ఆయన శివతాండవం ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో పుట్టిన కావ్యం. అది చదివితే చాలు, లయ తెలిసిన కవికీ తెలియని కవికీ తేడా ఏమిటో తెలిసిపోతుంది.

డాక్టరు గారి దగ్గరికి మళ్లీ వద్దాం. పినాకపాణి గారిది శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారం. రాజమండ్రిలో బి.ఎస్. లక్ష్మణరావు గారి దగ్గర, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారి దగ్గర నేర్చుకున్నారు. మద్రాసులో రంగరామానుజ అయ్యంగార్ గారి దగ్గర పాఠం చేశారు. అక్కడే వీణ ధనమ్మాళ్ బాణీ ఆయన మనసును పట్టేసింది. తంజావూరు పద్ధతిలోని నిదానాన్ని, గమకాల నిండుతనాన్ని ఆంధ్ర దేశపు పాటలోకి తేవాలన్న పట్టుదల అప్పటిది.

వైద్యం ఆయన సంగీతానికి ఏమిచ్చిందో చూడాలంటే దేవస్థానం అచ్చు వేసిన 'సంగీత సౌరభం' సంపుటాలు తెరవాలి. మామూలు పాఠ్యపుస్తకంలో తోడి రాగపు కృతి తీస్తే గాంధారం దగ్గర 'గ' అని ఒక్క అక్షరం ఉంటుంది. గాయకుడి గొంతు మాత్రం ఆ ఒక్క అక్షరంలో నిలకడగా ఉండదు. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది, ఆ ఊపే తోడి. గురువు ఎదుట కూర్చుంటే తెలిసే ఆ కదలికను కాగితం మీద స్వరాలతో రాయాలని పినాకపాణి గారు పూనుకున్నారు. రోగి మంచం పక్కన నిలబడి, తాను చూసిన ప్రతి లక్షణాన్నీ కేసు షీటులో విడిచిపెట్టకుండా రాసే డాక్టరు పద్ధతే అది. 'బాగుంది', 'భావం ఉంది' అనే మాటలతో సరిపెట్టలేదు. ఎక్కడ ఎంత కదిలిందో చెప్పాలి, మళ్లీ చేయించాలి, రాసి పెట్టాలి. మనోధర్మం మీద, పల్లవి మీద కూడా విడిగా పుస్తకాలు రాశారు. మనోధర్మం దైవదత్తం, నేర్పితే రాదు అనే మాట మన వాళ్లలో బాగా పాతుకుపోయింది. వైద్య విద్యార్థులకు పాఠం చెప్పిన మనిషి ఆ మాట దగ్గర ఆగలేదు.

ఆ పాఠం ఫలితం శిష్యుల్లో కనిపిస్తుంది. నేదునూరి గారు విజయనగరం, విజయవాడ, తిరుపతి కళాశాలలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అన్నమయ్య పాటలకు ఆయన కట్టిన వరసలు ఇప్పుడు ఊరూరా పాడుకుంటున్నారు. 'నానాటి బతుకు' అనే కీర్తనను రేవతి రాగంలో కట్టింది ఆయనే. రేవతిలో గాంధారం లేదు, ధైవతం లేదు. షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశిక నిషాదం, అంతే. వేదం చదువుతున్నట్టు వినిపించే అయిదు స్వరాలు. పుట్టడం, పోవడం నిజమని చెప్పే పాటకు ఆయన ఆ పొదుపైన రాగాన్ని ఎంచారు. సంగతుల జోరు పెట్టలేదు, మాట ముందు నడుస్తుంది, స్వరం వెంట వస్తుంది. ఇప్పుడు ఆ పాటను మరో రాగంలో ఊహించుకోవడం కష్టం. వరస కట్టడంలో గెలుపంటే ఇదే.

కోస్తాలో కథ ఇంకాస్త ముందు మొదలైంది. 1919లో విజయనగరం సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడిగా ఆదిభట్ల నారాయణదాసు గారిని కూర్చోబెట్టారు. ఆయన కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, రాత్రంతా హరికథ చెప్పే మనిషి. కథ తనదే, పాట తనదే, వరస తనదే. తొంభై రాగాలతో ఒక మాలిక కట్టారు. ఉత్తమ వాగ్గేయకారుడంటే ఎవరని అడిగే విద్యార్థికి ఎదురుగా కుర్చీలోనే జవాబుండేది. అదే ఏట వయొలిన్ ఆచార్యుడైన ద్వారం వారు విద్యార్థిగా చేరదామని వచ్చారనీ, వాయించింది విని దాసుగారు అధ్యాపకుణ్ణి చేశారనీ చెబుతారు. అప్పటికి ఆయన వయసు 26. సర్టిఫికెట్ అడగని కాలం అది. అదే కళాశాలలో గాత్రం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారు స్వయంగా పాటలు కట్టిన కవి. ఘంటసాల ఆయన శిష్యుడే.

విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాల మొదటి ప్రిన్సిపాల్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిది కచేరీ వేదిక, దానితో పాటు రేడియో. 72 మేళకర్తలన్నింటిలో ఆయన కట్టిన కృతులు 1952లోనే పుస్తకంగా వచ్చాయి. నాలుగు స్వరాలతో మహతి రాగాన్ని కల్పించారు. రేడియో మరో రకం గురుకులం. రేపు ఉదయం ఏడింటికి కార్యక్రమం ఉందంటే ఈ సాయంత్రానికి వరస తయారవ్వాలి, అదీ ఇచ్చిన నిమిషాల్లో ముగియాలి. ప్రేరణ కోసం ఎదురుచూసే వీలు లేదు. వాగ్గేయకారుల చరిత్ర చదువుకోవడానికి మనం ఈనాటికీ తెరిచే 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రాసింది కూడా ఆకాశవాణి ఉద్యోగే, బాలాంత్రపు రజనీకాంతరావు గారు. 1961లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

సంగీత రచనకు ప్రత్యేక పీఠాలున్న పడమటి దేశాల్లో పరిస్థితి వేరుగా ఉంటుందనుకుంటాం. 1871లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ సంగీత విద్యాలయం రచన నేర్పడానికి ఒక 27 ఏళ్ల నౌకాదళ అధికారిని పిలిచింది. పేరు రిమ్‌స్కీ కొర్సకోవ్. అప్పటికి సంగీత శాస్త్రం తనకేమీ తెలియదనీ, ఉద్యోగంలో చేరాక విద్యార్థులతో పాటే తానూ చదువుకున్నాననీ ఆయన తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకున్నాడు. అలా చదువుకున్నవాడే వాద్యబృందానికి రాయడమెలాగో చెప్పే ప్రామాణిక గ్రంథానికి కర్త అయ్యాడు. ఆయన స్నేహితుడు బొరొదిన్ రసాయన శాస్త్రాచార్యుడు. పారిస్‌లో రచన నేర్పి రావెల్ వంటివాణ్ణి తయారుచేసిన ఫోరే చర్చిలో ఆర్గన్ వాయించి బతికినవాడు. కర్నూలు డాక్టరు గారు వాళ్ల సరసన కూర్చోదగినవారే.

అయితే ఒక మాట నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. మనవాళ్లు పాట కట్టారు, గురువులుగా వేలమందిని తీర్చారు. కానీ కట్టడాన్ని పాఠంగా, వారానికి ఇన్ని గంటలని, ఇవాళ ఈ పద్యం తీసుకో, రేపటికి వరస కట్టి తీసుకురా అని కళాశాలలో చెప్పించే ఏర్పాటు మనం చెయ్యలేదు. పక్కన కూర్చున్న ఒకరిద్దరికి ఆ విద్య అబ్బింది. తక్కినవాళ్లకు పాడటం వచ్చింది, కట్టడం రాలేదు. అందుకే వరస కొత్తగా కట్టగలవాళ్ల పేర్లు చెప్పమంటే వేళ్ల మీద లెక్కకు వస్తాయి. తిరుపతిలో అన్నమాచార్య ప్రాజెక్టు తరఫున ఆరు వందలకు పైగా కీర్తనలకు స్వరం కట్టిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు కూడా 2025 మార్చిలో వెళ్లిపోయారు. స్వరం పడని అన్నమయ్య పాటలు ఇంకా వేలల్లో ఉన్నాయి.

కర్నూలులో ప్రభుత్వ సంగీత పాఠశాల ఉంది. కడపలో ఆకాశవాణి కేంద్రం ఉంది, 2020లో పెట్టిన లలిత కళల విశ్వవిద్యాలయం ఉంది. పక్కనే తాళ్లపాక ఉంది. ఈ సంస్థలన్నీ కలిసి వరస కట్టడానికి ఒక తరగతి పెట్టవచ్చు. చెప్పేవాళ్లను ఎంచుకునేటప్పుడు సంగీతం డిప్లొమా ఒక్కటే చూడవద్దని సంగీత సంస్థలు నడిపేవారికి నా మనవి. పద్యం విడదీయగల తెలుగు మాస్టారిని, రేడియోలో ముప్పై ఏళ్లు పాటలు చేయించిన ఉద్యోగిని, పగలు ఆస్పత్రిలో పనిచేసి రాత్రి తంబూర పట్టే డాక్టరును వారానికి ఒకరోజైనా పిలవండి. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఉంటే, పాఠకులారా, వారి పేరు ఆ పాఠశాలకు చేర్చండి.