చంటిపాప ఎవరి ఒళ్ళో?



పిల్లలకు దసరా సెలవులు వస్తున్నాయంటే తల్లిదండ్రులకు పరీక్షలు దగ్గరపడినట్టే. "ఈసారి ఎక్కడికి తీసుకెళ్తారు?" అనే ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాలి. మా పోలవరంలో పిల్లలకు చూపించడానికి దేవుడు చాలానే ఇచ్చాడు. ఎదురుగా గోదావరి, పైన పాపికొండలు, శివరాత్రికి పట్టిసీమ తీర్థంలో రంగులరాట్నాలు. అయినా మా పదేళ్ళ అబ్బాయికి ఇవేవీ ఆనలేదు. వాడి తరగతిలో ఎవరో హైదరాబాదు వెళ్ళి రామోజీ ఫిల్మ్ సిటీ చూసి వచ్చారట. అప్పటినుంచి భోజనం దగ్గర అదే మాట, పడుకునేటప్పుడు అదే మాట.

మాకు ముగ్గురు బిడ్డలు. పెద్దమ్మాయికి పదమూడేళ్ళు. తరువాత అబ్బాయి. ఇక చాలనుకున్న తరువాత దేవుడు ఇచ్చిన చంటిపాపకు అప్పటికి తొమ్మిదో నెల. "పాపను వేసుకుని అంత దూరం ఎలాగండీ? వచ్చే ఏడు చూద్దాం" అంది నా భార్య. నేను వినలేదు. సంఘం పనులతో ఏడాది పొడుగునా పిల్లలకు సమయం ఇవ్వలేకపోతున్నాననే బాధ నా మనసులో ఉంది. ఆ బాకీ అంతా ఒక్కరోజులో తీర్చేయాలనుకున్నాను. నేను చేసిన మొదటి పొరపాటు అదే.

బయలుదేరాం

బస్సులో తాళ్ళపూడి మీదుగా కొవ్వూరు, అక్కడినుంచి వంతెన దాటి రాజమండ్రి, రాత్రికి గోదావరి ఎక్స్‌ప్రెస్. రైలులో అయిదేళ్ళలోపు బిడ్డకు వేరే బెర్తు అడగకపోతే టికెట్టు అక్కరలేదు. అయిదు నుంచి పన్నెండేళ్ళలోపు వారికి బెర్తు కావాలంటే 2016 నుంచి పూర్తి చార్జీ కట్టవలసిందే. అందుచేత మేము నాలుగు బెర్తులు తీసుకున్నాం. పాప తల్లి పక్కనే పడుకుంది. పడుకుంది అనడమే గాని తెల్లవార్లూ లేచి కూర్చున్నది తల్లి. నాకు మంచి నిద్ర పట్టింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా బావమరిది ఇల్లు ఉంది. "ఈ పూట అలసట తీర్చుకుని రేపు వెళ్ళండి బావగారూ, రాత్రంతా ప్రయాణం చేశారు" అన్నాడు. అదీ వినలేదు. స్నానాలు, టిఫిన్లు ముగించుకుని బయలుదేరాం.

ఫిల్మ్ సిటీ నగరంలో లేదు. విజయవాడ వెళ్ళే రహదారిలో అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంది. పత్రికాధిపతి, సినీ నిర్మాత చెరుకూరి రామోజీరావు గారు 1996లో దీనిని నెలకొల్పారు. ఆయన 2024 జూన్‌లో కన్నుమూశారు. 1,666 ఎకరాల ఈ స్థలం ప్రపంచంలోనే పెద్ద సినిమా స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకంలో నమోదైంది. టికెట్టు కొన్నాక గేటు నుంచి లోపలికి బస్సులోనే తీసుకెళ్తారు. ఈ సంగతి తెలియక చాలామంది గేటు దగ్గరే ఫిల్మ్ సిటీ అనుకుంటారు. లోపల సెట్టింగులన్నీ తిప్పి చూపించే ఎర్రటి బస్సులు వేరు. రైల్వే స్టేషను, విమానాశ్రయం, విదేశాల వీధులు, మొగలాయి తోట అన్నీ అక్కడే. ఒక కట్టడాన్ని ఒకవైపునుంచి చూస్తే ఒక భవనం, ఇంకోవైపుకు వెళ్తే మరో భవనం. వెనక్కి వెళ్తే ఏమీ లేదు. "నాన్నగారూ, ఇంట్లో ఎవరూ ఉండరా?" అని అడిగాడు మా అబ్బాయి. నవ్వుకున్నాం గాని, ఆ మాట నాకు ఆ రాత్రి మళ్ళీ గుర్తుకొచ్చింది.

నా చేతిలో చీటీ

ఏ ప్రదర్శన ఎన్ని గంటలకో నేను ఒక చీటీ మీద రాసుకున్నాను. ఒకటి అయిపోగానే ఇంకొకదానికి పరుగు. డబ్బు పోసి కొన్న టికెట్టు, ఒక్కటీ పోకూడదని నా పట్టుదల. పాశ్చాత్య దేశపు పల్లె ముందు స్టంట్ ప్రదర్శన మొదలైంది. తుపాకీ మోతలు, పేలుళ్ళు. పెద్దపిల్లలు చప్పట్లు కొడుతున్నారు. మా చంటిది ఒక్కసారిగా ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చింది. నా భార్య దాన్ని ఎత్తుకుని మధ్యలోనే లేచి బయటికి వెళ్ళింది. రెండు నిమిషాలకు పెద్దమ్మాయి కూడా లేచింది. "అమ్మ ఒక్కతే ఉంది నాన్నగారూ, నేను చూసుకుంటాను, మీరూ తమ్ముడూ చూడండి" అంది. ఎంత మంచి పిల్ల అనుకున్నాను. అలా అనుకుని మళ్ళీ ప్రదర్శన వైపు తిరిగాను.

తరువాత పిల్లల ఆటలన్నీ ఉండే ఫండుస్తాన్‌కు వెళ్ళాం. అక్కడా అదే జరిగింది. మేమిద్దరం వరుసలో నిలబడ్డాం. వాళ్ళు ముగ్గురూ చెట్టు నీడన కూర్చున్నారు. చీకట్లో భయపెట్టే బోరాసురా గుహలోకి పాపను తీసుకెళ్ళకూడదని నాకూ తెలుసు. కాబట్టి మళ్ళీ మేమిద్దరమే. "అమ్మాయ్, నువ్వు రా" అని ఒక్కసారి పిలిచాను. "వద్దులెండి" అంది. వద్దందిగా అని వెళ్ళిపోయాను.

సాయంత్రం తిరిగి వచ్చే బస్సులో మా అబ్బాయి నోరు మూయలేదు. ఏది ఎలా తిరిగింది, ఎవరు ఎలా కేకలు వేశారు, అన్నీ చెప్పి చివరికి "అక్కా, నీకేది నచ్చింది?" అని అడిగాడు. అది కిటికీ వైపు చూస్తూ "ఎర్ర బస్సు" అంది. అందరూ నవ్వారు. దాని ఒళ్ళో పాప నిద్రపోతోంది.

ఆ రాత్రి మాట

అందరూ పడుకున్నాక నా భార్య మెల్లగా అంది: "ఏవండీ, పెద్దదానికి టికెట్టు కొన్నాం కదా. అది ఒక్కటీ ఎక్కలేదు. మీరు చూశారా?"

చూడలేదు. రోజంతా నా కళ్ళు చీటీ మీదే ఉన్నాయి.

లేచి వెళ్ళాను. అది ఇంకా నిద్రపోలేదు. "ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను. "పాప ఏడుస్తుంది కదా నాన్నగారూ. అమ్మకి రైల్లో నిద్ర లేదు. తమ్ముడేమో ఎప్పటినుంచో అడుగుతున్నాడు" అంది. ముగ్గురికీ మూడు కారణాలు చెప్పింది, తన గురించి ఒక్కటీ చెప్పలేదు. "మరి నీకు?" అన్నాను. కాసేపు ఊరుకుని "ఆ గుండ్రంగా తిరిగేది ఒక్కటి ఎక్కాలనుకున్నాను" అంది.

ఆదికాండము 33వ అధ్యాయం మీద నేను రెండు మూడుసార్లు ప్రసంగించాను. కలిసి ప్రయాణం చేద్దామని ఏశావు పిలిస్తే యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు పసివాళ్ళు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, ఒక్కరోజు వడిగా తోలితే తట్టుకోలేవు, వాళ్ళు నడవగలిగినంత మెల్లగానే నేను వస్తాను, మీరు ముందు వెళ్ళండి అన్నాడు. ఆ మాటలు సంఘ కాపరులకు ఎలా వర్తిస్తాయో నేను చక్కగా వివరించాను. నా సొంత పిల్లలను ఒక్కరోజు వడిగా తోలింది మాత్రం నేనే.

ఇంకొకటి. నీటి ఒడ్డున పసివాడైన మోషేను కనిపెట్టుకుని నిలబడిన అక్కను గూర్చి మనం ఆదివారపు బడిలో ఎంతో మెచ్చుకుని చెబుతాం. మన ఇంట్లో రోజూ అలా నిలబడే అక్క మనకు కనబడదు. మన గోదావరి జిల్లాల ఇళ్ళలో పెద్దాడపిల్ల అంటే రెండో తల్లి. చంక దిగని తమ్ముడో చెల్లెలో దానికి ఉండనే ఉంటుంది. అది మంచి పిల్ల కాబట్టి మోస్తుంది. ఎప్పుడూ అదే మోయాలా అనే ప్రశ్న మాత్రం మనం వేసుకోం.

ఒక తండ్రి, ఒక బెంచీ

ఈ వినోద ఉద్యానవనాల వెనుక ఒక తండ్రి కథ ఉంది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో గ్రిఫిత్ పార్కు అని ఒక పెద్ద తోట. అక్కడ వాల్ట్ డిస్నీ తన ఇద్దరు ఆడపిల్లలను రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. పిల్లలు ఆడుకోవడం, పెద్దలు ఊరికే కూర్చోవడం కాకుండా, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలి అనే ఆలోచన అప్పుడే వచ్చిందని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరుచుకుంది.

మన దేశంలో 1984లో ఢిల్లీలో అప్పూ ఘర్ వచ్చింది. 1982 ఆసియా క్రీడల గుర్తుగా ఉన్న ఏనుగుపిల్ల పేరే దానికి పెట్టారు. 2008లో అది మూతపడింది. హైదరాబాదు దగ్గర రావిర్యాలలో వండర్‌లా 2016లో ప్రారంభమైంది.

అంటే కలిసి ఉండడం కోసం పుట్టిన చోటు ఇది. మేము అక్కడికి అయిదుగురం వెళ్ళి, ఇద్దరూ ముగ్గురుగా విడిపోయి తిరిగాం.

వెళ్ళే వారికి నాలుగు మాటలు

చంటిబిడ్డతో వెళ్ళకూడదని నేను చెప్పను. వెళ్ళవచ్చు. నేను నేర్చుకున్నవి మాత్రం చెబుతాను.

ముందుగా, పాపను ఎవరు ఎప్పుడు ఎత్తుకోవాలో ఇంటి దగ్గరే పంచుకోండి. గంట తండ్రి, గంట తల్లి. పెద్దపిల్లల వంతు చివరిది, చిన్నది. డిస్నీ ఉద్యానవనాలలో ఒక ఏర్పాటు ఉంది. తల్లి ఎక్కుతున్నప్పుడు తండ్రి బిడ్డతో బయట ఉంటాడు. ఆమె దిగాక ఆయన మళ్ళీ మొదటినుంచి వరుసలో నిలబడకుండానే ఎక్కవచ్చు. మన దగ్గర కూడా ఆట నడిపేవారిని మర్యాదగా అడిగి చూడండి. వీలుకాకపోతే రెండుసార్లు నిలబడాలి, అంతే.

పెద్ద ఆటలకు ఎత్తు కొలిచి ఎక్కిస్తారు. ఇంతకంటే పొట్టి పిల్లలు ఎక్కరాదని బోర్డు ఉంటుంది. మనుషులను పట్టి ఉంచే కడ్డీలు ఒక కొలతకు చేసినవి, చిన్న ఒళ్ళు వాటిలోంచి జారిపోతుంది. "మా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం" అని వాదించకండి. ఇంటి దగ్గరే పిల్లల ఎత్తు కొలిచి చూసుకుంటే అక్కడికి వెళ్ళాక కన్నీళ్ళు ఉండవు.

పసివాళ్ళ ఒళ్ళు మనకంటే త్వరగా వేడెక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పాపతో ఇలాంటి చోటికి వద్దు. నవంబరు నుంచి జనవరి వరకు మేలు. ఎండ మండే మధ్యాహ్నం రెండు గంటలు చెట్టు కిందో, లోపల చల్లటి హాలులోనో గడపండి. బండిలో పడుకోబెట్టి పైన మందపాటి దుప్పటి కప్పకండి, లోపల గాలి ఆడక ఇంకా ఉక్కపోస్తుంది. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలే దాహం తీరుస్తాయి, మాటిమాటికి పట్టాలి. ఆరు నెలలు దాటితే కాచి చల్లార్చిన నీళ్ళు కూడా పట్టవచ్చు. చాలాసేపు ఉచ్చ పోయకపోయినా, నోరు ఎండినా, ఏడ్చినా కన్నీరు రాకపోయినా, పాప వాలిపోయినట్టున్నా ఆట అక్కడితో ఆపి వైద్యుని దగ్గరికి వెళ్ళాలి.

బయటి తిండి లోపలికి తీసుకెళ్ళే విషయంలో చాలాచోట్ల షరతులు ఉంటాయి. పాప పాలు, ఉగ్గు సంగతి టికెట్టు కొనేముందే అడగండి. పాలిచ్చే చోటు ఎక్కడుందో కూడా వెళ్ళగానే కనుక్కోండి. పేలుళ్ళు, పెద్ద మోతలు ఉండే ప్రదర్శనలకు పాపతో వెళ్తే వెనుక వరుసలో, దారి పక్కన కూర్చోండి.

తప్పిపోతే కలుసుకునే చోటు ఒకటి పిల్లలకు పొద్దున్నే చూపించండి. ఫోను నంబరు రాసిన చీటీ జేబులో పెట్టండి. నేను రాసుకున్నలాంటి చీటీని మాత్రం చింపేయండి. ఒక్కో బిడ్డ కోరిన ఆట ఒక్కటి, అందరూ కలిసి చూసేది ఒక్కటి. అవి అయితే రోజు నిండినట్టే. మిగతావి కానుక.

మళ్ళీ వేసవిలో

ఆ బాకీ ఫిల్మ్ సిటీలో తీరలేదు. వేసవిలో రాజమండ్రిలో ఎగ్జిబిషన్ పెట్టారని తెలిసి ఒక సాయంత్రం అందరం వెళ్ళాం. చిన్నదే. నాలుగు దుకాణాలు, అప్పడాలు, మిరపకాయ బజ్జీలు, ఒక జెయింట్ వీల్. పాపను నేనే తీసుకుని ఒక బెంచీ మీద కూర్చున్నాను. "మీకు చేతకాదండీ, ఏడుస్తుంది" అంది నా భార్య. "ఏడవనీ" అన్నాను. పెళ్ళయినప్పటినుంచి తాను రాట్నం ఎక్కలేదని ఆమె ఆ రోజే చెప్పింది.

వాళ్ళు ముగ్గురూ ఎక్కారు. పాప ఏడ్చింది, నా తెల్లచొక్కా మీద పాలు కక్కింది, మళ్ళీ నవ్వింది. మా సంఘం వారు ఇద్దరు అటు వెళ్తూ "ఏంటి అయ్యగారూ, ఒక్కరే కూర్చున్నారు?" అని అడిగారు. నేను పైకి చూపించాను. చక్రం పైకి వెళ్ళినప్పుడు మా పెద్దమ్మాయి రెండు చేతులూ ఊపుతూ "నాన్నగారూ! గోదావరి కనబడుతోంది!" అని అరిచింది. పుట్టినప్పటినుంచి రోజూ చూస్తున్న గోదావరే అది. అంత గట్టిగా అది అరవగలదని నాకు అంతకుముందు తెలియదు.

ఈ సెలవులకు మీరు ఎక్కడికి వెళ్ళినా, సామాను సర్దుకునేముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోండి: రేపు చంటిపాప ఎవరి ఒళ్ళో? ఆ జవాబులో తండ్రి పేరు మొదట ఉండనివ్వండి.