రెడీమేడ్ షెడ్డు తేలికే. రేగడి పునాది తేలిక కాదు

గుంటూరు: మిరపలో, పత్తిలో నాలుగు డబ్బులు మిగిలిన ఏడాది ఆ సొమ్ము స్థలాల మీదికి, కట్టడాల మీదికి మళ్ళడం ఈ ప్రాంతపు పాత ఆనవాయితీ. మందీ వచ్చిన ఏడాది ఆ ఆస్తి కదలదు. 2025 ప్రారంభంలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్య పథకం ప్రకటించవలసి వచ్చింది. అటువంటి అదనులో పెట్టుబడి సిమెంటు గోడలలో చిక్కుకుంటే వర్తకుని ఇబ్బంది చెప్పనక్కరలేదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అమరావతి చుట్టుపట్ల స్థలాలు కొన్నవారికి ఇది అనుభవమే.

ఫ్యాక్టరీలో తయారై, లారీల మీద వచ్చి, బోల్టులతో బిగించుకునే ఇళ్ళకు, గోడౌను షెడ్లకు ఆకర్షణ ఇక్కడే ఉన్నది. పని వారాలలో తెములుతుంది. అవసరమైతే విప్పి మరొక చోటికి తరలించవచ్చు. అయితే అమ్మకందారులు చెప్పే ఒక మాటను మాత్రం ఈ ప్రాంతంలో నమ్మరాదు. కట్టడం తేలిక కనుక పునాది ఖర్చు నామమాత్రమే నన్నది ఆ మాట.

పత్తికి అనువైన నల్లరేగడి నేల కట్టడాలకు గిట్టదు. వానలకు ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకొని బీటలు వారుతుంది. బరువైన కట్టడం ఆ ఉబ్బును కొంతవరకు అణచిపెట్టగలదు. తేలికపాటి కట్టడాన్ని మాత్రం నేల ఎత్తివేస్తుంది. ఒక మూల లేచి మరొక మూల దిగితే తలుపులు పట్టవు, రేకుల అతుకులు విడి వాన నీరు దిగుతుంది. మిర్చి టిక్కీలు నిలవ చేసేచోట ఆ చెమ్మ ఏమి చేస్తుందో వర్తకులకు వేరే చెప్పాలా?

ఇందుకు విరుగుడు లేకపోలేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేలల కోసం రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్ దేశమంతటా వాడుకలో ఉన్నది. రేగడి లోతుగా ఉన్నచోట కనీసం మూడున్నర మీటర్లు దింపి, అడుగున కాండం కంటే సుమారు రెండున్నర రెట్లు వెడల్పుగా గుబ్బ తీస్తారు. పైల్స్ మీది దూలానికీ నేలకూ నడుమ ఖాళీ వదలాలి. లోపలి నేలకు రేగడి తీసివేసి గ్రావెల్ నింపాలి. తవ్విన మట్టినే తిరిగి నింపే మేస్త్రీలు ఉన్నారు. అక్కడే పని చెడుతున్నది.

సరుకు సమకూర్చుకోవడంలో మరొక లెక్క ఉన్నది. మామూలు కట్టడానికి కావలసినవి దాదాపు అన్నీ చేరువలోనే దొరుకుతాయి. 1958 నుంచి సిమెంటు చేస్తున్న మాచర్ల, సున్నానికి పిడుగురాళ్ళ, గ్రానైటుకు చీమకుర్తి, ఇసుకకు కృష్ణ. 2019లో ఇసుక కొరతతో పనులు నిలిచిపోయాయి గాని, 2024 జూలై నుంచి ఉచిత ఇసుక విధానం అమలుకు వచ్చింది. ఎగుమతి, రవాణా ఖర్చులు మాత్రం కొనుగోలుదారువే. రెడీమేడ్ ప్యానెళ్ళకు ఈ చేరువ కలిసిరాదు. పైగా అవి ప్రెస్సు పట్టని దూది వంటివి. బరువు తక్కువ, లారీ నిండిపోతుంది. కిరాయి టన్నుకు కాక లారీకి లెక్కించుకోవాలి.

పన్నులో ఉన్న తేడా కూడా పోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీది జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగి, రెడీమేడ్ కట్టడాలతో సమమైనది. సొంతానికి కట్టే స్థిరాస్తి మీద చెల్లించిన పన్నును వ్యాపారపు పన్నులో సర్దుకోవడం సాధారణంగా కుదరదు. కనుక పన్నుతో కలిపిన మొత్తాన్నే అసలు ధరగా చూడాలి.

కొటేషను తీసుకునేటప్పుడు చదరపు అడుగు ధర ఒక్కటే చూడక, మట్టి పరీక్ష, పైల్స్, లారీ కిరాయి, క్రేను, పునాదిలో పాతే బోల్టులు ఎవరి ఖాతాలో పడేదీ విడివిడిగా రాయించుకోవాలి.