పాపికొండల బోటు ఎక్కుతున్నారా? రాజమండ్రిలో మిగిలే ఆ ఒక్క రోజు.. జేబు ఖాళీ కాకుండా ఇలా తిరిగేయండి!

బోటు టూర్ ప్యాకేజీలో సిటీ టూర్ కూడా ఉంది కదా, ఇంకేం ప్లాన్ చేయాలి అనుకుంటారు చాలామంది. అక్కడే ఓ పూట వృథా అవుతుంది, చూసిందే మళ్లీ చూడాల్సి వస్తుంది. నందిపేట్, ఆర్మూర్ వైపు నుంచి వెళ్లేవాళ్లు కాస్త ముందు ఆలోచిస్తే అదే రోజు పెద్దగా ఖర్చు లేకుండా గడిచిపోతుంది. అదెలాగో చూద్దాం..

నందిపేట్ వాళ్లకు గోదావరి కొత్తేం కాదు. ఉమ్మెడ బ్రిడ్జి మీద నిలబడితే కింద ఉండేది అదే. ఇక్కడ దాన్ని గోదావరి అనేవాళ్లు తక్కువ, గంగ అనే అంటారు. కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చి, నందిపేట్ పక్కనే శ్రీరాంసాగర్‌లో నిండి, గేట్లు ఎత్తితే కిందికి పోతుంది. ఆ నదే కొన్ని వందల కిలోమీటర్ల కింద రెండు కొండల మధ్య ఇరుకుగా పారుతుంది. పాపికొండలు అంటే అదే. పసుపు తవ్వకాలు మొదలయ్యేలోపు డిసెంబర్‌లోనో, సరుకు నిజామాబాద్ మార్కెట్‌లో అమ్ముడుపోయాక వేసవి సెలవుల్లోనో ఈ టూర్ పెట్టుకునే కుటుంబాలు ఎక్కువ.

టూర్ అంటే ప్రధానంగా ఒక్క రోజు. రాజమండ్రి నుంచి పొద్దున్నే బస్సులో గండి పోచమ్మ గుడి దాకా తీసుకెళ్తారు. అక్కడ బోటు ఎక్కి పేరంటాలపల్లి వరకు వెళ్లి రావడం, మధ్యాహ్నం భోజనం బోటులోనే. తిరిగి ఊళ్లోకి వచ్చేసరికి చీకటి పడుతుంది. మరి ఖాళీ రోజు ఎక్కడి నుంచి వస్తుంది? రైలు వల్ల వస్తుంది.

నాందేడ్ నుంచి విశాఖపట్నం, సంబల్‌పూర్ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లు నిజామాబాద్ మీదుగా రాజమండ్రి చేరతాయి. కానీ అవి రోజూ ఉండవు. ఆ రోజు కుదరకపోతే సికింద్రాబాద్ దాకా వెళ్లి గోదావరి, గౌతమి లాంటి రాత్రి రైళ్లు పట్టుకోవాలి. ఎలా వెళ్లినా బోటు తేదీకి, రైలు తేదీకి సరిగ్గా అతకదు. ముందో, వెనకో ఒక రోజు మిగులుతుంది.

ఆ రోజును బోటుకు ముందే ఉంచుకోవడం మంచిది. కారణం సింపుల్. రాత్రి రైలు రెండు మూడు గంటలు లేటైతే అదే రోజు పొద్దున బయలుదేరే బోటు బస్సు ఆగదు. ఆరుగురు కుటుంబం టికెట్ డబ్బులు అక్కడికక్కడే పోతాయి. ఒక రోజు ముందే దిగితే రైలు మధ్యాహ్నానికి చేరినా నష్టమేం లేదు, చూడాల్సిన జాబితాలో రెండు తగ్గుతాయంతే.

శుక్రవారం ఖాళీ పెట్టుకోవద్దు

శనివారం బోటు, ఆదివారం తిరుగు ప్రయాణం అని ప్లాన్ చేస్తే ఖాళీ రోజు శుక్రవారం అవుతుంది. ఏపీలో ప్రభుత్వ లైబ్రరీలకు, మ్యూజియంలకు సాధారణంగా సెలవు శుక్రవారమే. రాజమండ్రిలో ఉచితంగానో, నామమాత్రపు టికెట్‌తోనో చూడదగ్గవాటిలో సగం ఇవే. అవన్నీ తాళం వేసి ఉంటే ఇక మిగిలేది ఘాట్లే. శనివారం ఊరు, ఆదివారం బోటు పెట్టుకోవచ్చు. రద్దీ వద్దనుకుంటే బుధవారం ఊరు, గురువారం బోటు ఇంకా హాయి. సంక్రాంతి సెలవులు, కార్తీక మాసం ఆదివారాల్లో బోట్లకు, రూములకు గిరాకీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

సిటీ టూర్‌లో ఏముందో ముందే అడగండి

రెండు రోజుల ప్యాకేజీల్లోనూ, కొన్ని ఒక రోజు ప్యాకేజీల్లోనూ 'లోకల్ సైట్ సీయింగ్' అని ఒక లైను ఉంటుంది. ఆ లైను కింద ఏముందో బుక్ చేసేటప్పుడే అడగాలి. ఏయే చోట్లు, ఒక్కోచోట ఎంతసేపు, ఎంట్రీ టికెట్ ఎవరిది, మళ్లీ ఎక్కడ దింపుతారు.. ఈ నాలుగూ తెలిస్తే చాలు. బస్సులో తిప్పేవి సాధారణంగా బస్సు ఆగగలిగే చోట్లే ఉంటాయి. ధవళేశ్వరం బ్యారేజీ, కడియం నర్సరీలు, ఇస్కాన్ గుడి, పుష్కర ఘాట్ లాంటివి. ఇరుకు వీధుల్లో ఉన్న పాత ఇళ్లు, లైబ్రరీ, ఆర్ట్ గ్యాలరీ జోలికి బస్సు పోదు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోవాలి. ఊరి బయట ఉన్నవి, ఆటోకు ఎక్కువ అడిగేవి ప్యాకేజీ బస్సుకు వదిలేయాలి. ఊళ్లో దగ్గర దగ్గరగా ఉన్నవి ఖాళీ రోజున నడిచి, షేర్ ఆటోల్లో చూసుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఖాళీ రోజున ఆటో మాట్లాడుకుని ధవళేశ్వరం, కడియం వెళ్లొస్తారు. మర్నాడో, ఆ మర్నాడో ప్యాకేజీ బస్సు మళ్లీ అక్కడికే తీసుకెళ్తుంది. పిల్లలు బస్సు దిగనంటారు, ఆటో డబ్బులు దండగ.

ఇంతకీ ఊళ్లో ఏం చూడాలి?

పొద్దున్నే గోదావరి గట్టు. స్టేషన్‌లో దిగి, సామాను రూములోనో క్లోక్ రూములోనో పెట్టి (బ్యాగులకు తాళం ఉంటేనే క్లోక్ రూములో తీసుకుంటారు, చిన్న తాళం వెంట ఉంచుకోండి) పుష్కర ఘాట్‌కు వెళ్లిపోవచ్చు. స్నానం చేసేవాళ్లు చేస్తారు. పక్కనే మార్కండేయ స్వామి గుడి. ఇంకాస్త పైకి కోటిలింగాల రేవు. టికెట్ లేదు, తొందర లేదు.

గట్టు మీద నుంచి చూస్తే బ్రిడ్జిలు కనిపిస్తాయి. పాతది హేవలాక్ బ్రిడ్జి. 1900లో రైళ్లు మొదలై 1997 దాకా నడిచాయి, అంటే దాదాపు వందేళ్లు. తర్వాత 1974లో వచ్చింది రోడ్డు కమ్ రైలు వంతెన. పైన బస్సులు, కింద రైళ్లు. విల్లులా వంపులున్నది ఆర్చ్ బ్రిడ్జి, రాజమండ్రి ఫొటో అంటే అందరికీ గుర్తొచ్చేది అదే. ఆర్చ్ బ్రిడ్జి మీద రైలు వెళ్లేటప్పుడు వీడియో తీయాలంటే సాయంత్రం వెలుగు బాగుంటుంది. ఘాట్ మెట్ల మీద నుంచే తీసుకోండి. సెల్ఫీ కోసం నీళ్లలోకి దిగి అంచున నిలబడటం మాత్రం వద్దు, ఒక్క అడుగు తేడాలో లోతు మారిపోతుంది.

ఎండ ఎక్కాక లోపలి చోట్లకు వెళ్లాలి. కందుకూరి వీరేశలింగం ఇల్లు ఈ ఊళ్లోనే ఉంది. 1881 డిసెంబర్ 11న ఆయన తొలి వితంతు పునర్వివాహం జరిపించింది రాజమండ్రిలోనే. స్కూల్ పుస్తకంలో చదివిన పేరు, ఆ మనిషి తిరిగిన గదులు చూస్తే పిల్లలకు వేరేగా తెలుస్తుంది. ఇంటర్, డిగ్రీ పిల్లలు వెంట ఉంటే గౌతమీ గ్రంథాలయం కూడా చూపించాలి. వందేళ్లు దాటిన లైబ్రరీ. పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు, తాళపత్రాలు ఉన్న చోటు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఒకసారి లోపలికి వెళ్తే బయటికి రావడం కష్టమే.

ఇక అంతగా ఎవరూ పట్టించుకోనిది దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. ఈ ఊళ్లో పుట్టిన చిత్రకారుడు. 1925లో మశూచి సోకి చనిపోయేనాటికి ఆయన వయసు 28 ఏళ్లు కూడా నిండలేదు. అంత తక్కువ కాలంలో వేసిన బొమ్మలు ఇక్కడ ఉన్నాయి. అరగంట చాలు. నిజానికి రాజమండ్రిలో ఖాళీ రోజుకు ఇదొక్కటే అయినా సరిపోతుంది. రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం కూడా చూసేస్తే మధ్యాహ్నం దాటుతుంది. మధ్యలో రోజ్ మిల్క్ తాగకుండా వస్తే ఊరికి తిరిగొచ్చాక అడిగేవాళ్లు ఉంటారు, అదొక్కటీ ఉచితం కాదు. సాయంత్రం మళ్లీ ఘాట్‌కు వచ్చి గోదావరి హారతి చూసి పెందలాడే పడుకోవడం మేలు, మర్నాడు బస్సు పొద్దున్నే.

ప్యాకేజీలో సిటీ టూర్ లేకపోతే?

అప్పుడు ధవళేశ్వరం మాత్రం వదలొద్దు. ఊరి నుంచి పది కిలోమీటర్ల లోపే. బస్సులు, షేర్ ఆటోలు ఉంటాయి. పోచంపాడ్ 42 గేట్లు చూసిన కళ్లకు ఇదేం గొప్ప అనిపించొచ్చు. తేడా అక్కడే ఉంది. పోచంపాడ్‌లో నీళ్లను ఆపి నిల్వ చేసి, కాకతీయ కాలువలాంటి వాటిలోకి వదులుతారు. ధవళేశ్వరంలో అంత నిల్వ లేదు. పారే నదిని కొద్దిగా ఎత్తుకు లేపి కాలువల్లోకి మళ్లిస్తారు. 1847లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలుపెడితే 1852కు పూర్తయింది. కరువుతో, వరదలతో అల్లాడిన డెల్టా వరి పొలాలుగా మారింది అక్కడి నుంచే. ఇప్పుడు కనిపించే బ్యారేజీ ఆ తర్వాత కట్టింది. పక్కనే కాటన్ మ్యూజియం ఉంది. రైతు కుటుంబాలు గంటసేపు ఆగి చూసే చోటు ఇది.

కడియం నర్సరీల్లో తిరగడానికి టికెట్ ఉండదు. కాకపోతే మొక్కలు కొనకుండా బయటికి రావడం కష్టం, రైల్లో కుండీలు మోయడం అంతకంటే కష్టం. తిరుగు రైలు ఎక్కే రోజుకు పెట్టుకోండి.

మహిళలకు ఫ్రీ బస్సు.. ఎక్కడి వరకు?

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ఉచితం. నందిపేట్ నుంచి నిజామాబాద్ స్టేషన్‌కు, లేదంటే హైదరాబాద్ దాకా ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవచ్చు. సూపర్ లగ్జరీ లాంటి వాటిలో కుదరదు. ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం ఉంది. అయితే అది ఏపీలో నివాసం ఉన్న మహిళలకే. తెలంగాణ ఆధార్ చూపిస్తే రాజమండ్రి బస్సులో టికెట్ కొనాల్సిందే. కండక్టర్‌తో గొడవ పెట్టుకుని లాభం లేదు.

బోటు ఆగిపోతే ఏంటి పరిస్థితి?

ఈ ప్రశ్న అడగకుండా ఎవరూ డబ్బు కట్టొద్దు. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగిపోయింది. గోదావరి వరదలో ఉన్న రోజు అది. బోటులో ఉన్నవాళ్లలో సగానికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి వెళ్లిన బృందం కూడా అందులో ఉంది. బోటును బయటికి తీయడానికే నెల దాటింది. ఆ తర్వాత చాలాకాలం బోట్లు ఆపేసి, కంట్రోల్ రూములు పెట్టి, నిబంధనలు కఠినం చేసి మళ్లీ వదిలారు.

అందుకే నది పెరిగినా, గాలివాన హెచ్చరిక ఉన్నా అధికారులు బోట్లు ఆపేస్తారు. వరదల సీజన్‌లో నెలల తరబడి నడవవు. ముందు రోజు రాత్రి ఫోన్ చేసి రేపు లేదని చెప్పినా ఆశ్చర్యపోవద్దు. అలా చెప్పే ఆపరేటరే మంచివాడు. నీళ్లు ఎర్రగా, ఉరవడిగా ఉన్నా 'ఏం కాదు రండి' అనేవాళ్ల బోటు ఎక్కకూడదు. బుక్ చేసేటప్పుడు రద్దయితే డబ్బు వాపసా, తేదీ మార్పా అన్నది రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లోనైనా తీసుకోండి. బోటెక్కగానే లైఫ్ జాకెట్ వేసుకోవాలి, భోజనం టైమ్‌లో ఉక్కగా ఉందని విప్పేయొద్దు. పిల్లల సైజు జాకెట్ ఉందో లేదో ఎక్కకముందే చూసుకోవాలి. ఇది సిబ్బంది చెప్తే చేసే పని కాదు.

బోటు రద్దయితే పైన చెప్పిన ఊరి జాబితాను రెండు రోజులకు సర్దుకోవచ్చు. మొదటి రోజు ఊరు, రెండో రోజు ధవళేశ్వరం, కడియం. అవతలి ఒడ్డున కొవ్వూరు గోష్పాద క్షేత్రం కూడా కలుపుకోవచ్చు.

బోటు బయలుదేరితే మాత్రం డీజే పాటల మధ్య ఒడ్డు వైపు ఓసారి చూడండి. దేవీపట్నం వైపు ఖాళీ అయిన ఇళ్లు కనిపిస్తాయి. పోలవరం ముంపులో వెళ్లిపోయిన ఊళ్లవి. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు ఊరు వదిలి వచ్చిన కుటుంబాలు నందిపేట్ చుట్టుపక్కల ఉన్నాయి. ఆ ఇళ్ల పెద్దవాళ్లు బోటులో ఉంటే వాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు.

తిరుగు రైలు విషయంలో ఒక జాగ్రత్త. బోటు రోజు రాత్రికే టికెట్ తీసుకుంటే కనీసం మూడు నాలుగు గంటల తేడా ఉంచండి, బస్సు ఊళ్లోకి వచ్చే టైమ్ ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఇంకొకటి, 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. హేవలాక్ బ్రిడ్జిని పర్యాటక కేంద్రంగా మార్చే అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. పనుల వల్ల ఒక ఘాట్ మూసి ఉంటే పక్క ఘాట్‌కు వెళ్లాల్సి రావచ్చు, బయలుదేరే ముందు రూమ్ బుక్ చేసిన లాడ్జి వాళ్లనే అడిగితే చెప్పేస్తారు.